ఏ ఇద్దరైనా పెళ్లాడవచ్చునా?

మా అనంతపురం వైపు వానలు మొహం చాటేస్తే కప్పలకు పెళ్లి చేస్తారు. గాడిదలకు చేస్తారు. రావిచెట్టుకూ వేపచెట్టుకూ పసుపుబట్ట చుట్టి, మేళం పెట్టించి, ఊరంతా అక్షతలు వేసి మరీ చేస్తారు. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని ఇక్కడి బడిపిల్లలు కూడా గడగడా అప్పజెబుతారు కాబట్టి, ఇలాంటి పెళ్లిళ్లకు మా దగ్గర కరువు లేదు. ఏ రిజిస్ట్రారూ వచ్చి, "ఈ రెండు కప్పల్లో వరుడెవరు, వధువెవరు?" అని అడగడు. అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఉంటారని నేననుకోను.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న చిన్నది కాదు. 2023 ఎండాకాలంలో సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ముందు పది రోజులపాటు నలిగింది ఆ ఒక్క ప్రశ్నే. దేశంలో పేరుమోసిన లాయర్లంతా అటో ఇటో నిలబడి వాదించారు. ఇంతా చేసి ఆ దావాలో మొదటి పేర్లు ఢిల్లీవాళ్లవీ కావు, బొంబాయివాళ్లవీ కావు. మన హైదరాబాదులో కాపురముండే ఇద్దరివి.

సుప్రియో చక్రవర్తి బెంగాలీ. అభయ్ డాంగ్ పంజాబీ. ఇద్దరూ మగవాళ్లు. కోర్టు మెట్లెక్కేనాటికి దాదాపు పదేళ్ల సహవాసం వాళ్లది. కోవిడ్ రెండోసారి విజృంభించినప్పుడు ఇద్దరికీ జబ్బు చేసింది. తేరుకున్నాక, 2021 డిసెంబరులో, హైదరాబాదు శివార్లలో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. కొంత బెంగాలీ ఆచారం, కొంత పంజాబీ ఆచారం, పసుపు, గోరింటాకు అన్నీ జరిగాయి. చట్టం దృష్టిలో మాత్రం అదొక విందు, అంతే.

"ఇదేం కలికాలమమ్మా, మాకెందుకీ గోల!" అని పేజీ తిప్పెయ్యబోయే అక్కయ్యలు ఒక్క నిమిషం ఆగండి. ఆస్పత్రిలో ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టే చోట నర్సు అడుగుతుంది: "పేషంటుకు మీరేమవుతారు?" ఆ ప్రశ్నకు చెప్పేందుకు మనందరికీ ఒక మాట ఉంది. పదేళ్లు ఒకే పొయ్యి మీద వండుకు తిన్నవాళ్లకు ఆ మాట లేదు. బ్యాంకులో ఉమ్మడి ఖాతా, బీమాలో నామినీ, ఇల్లు కొనుక్కుంటే అప్పు, చివరికి పోయినవాళ్ల శరీరాన్ని ఇంటికి తెచ్చుకునే హక్కు, వీటన్నిటి వెనకా ఉండేది మంగళసూత్రమో మంత్రమో కాదు, రిజిస్టరులో ఒక పంక్తి. ఆ పంక్తి కోసమే వాళ్లు 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్ల వెనక మరో ఇరవై దాకా పిటిషన్లు వచ్చి చేరాయి.

వాళ్లు పట్టుకున్న చట్టం కథ తెలుసుకోవలసిందే. వేరు వేరు మతాలవాళ్లు, లేదా మతం తంతు వద్దనుకునేవాళ్లు పెళ్లి చేసుకోవటానికి ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1872లో, ఒక చట్టం వచ్చింది. కేశవచంద్రసేన్, బ్రహ్మసమాజంవాళ్లు పట్టుబట్టి తెప్పించుకున్నారు. అందులో మెలిక ఏమిటంటే, పెళ్లికొచ్చిన జంట "మేము హిందువులం కాము, ముస్లిములం కాము, క్రైస్తవులం కాము..." అంటూ వరసగా ఒప్పుకోవాలి. ఇల్లు కట్టుకోవటానికి ముందు పుట్టిల్లు కూల్చుకోమన్నట్టుగా ఉండేది. హరిసింగ్ గౌర్ కృషితో 1923లో ఆ బాధ కొంత తగ్గింది. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో పాతదాన్ని తీసేసి ప్రత్యేక వివాహ చట్టం తెచ్చారు. అంతకు ఏడాది ముందే మన దుర్గాబాయమ్మ చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. మేళతాళాలు లేని రిజిస్టరు పెళ్లి. సాక్షి సంతకం ప్రధానమంత్రి నెహ్రూది!

ఈ 1954 చట్టం నాలుగో సెక్షను ఎలా మొదలవుతుందో చూడండి. "ఏ ఇద్దరు వ్యక్తుల మధ్యనైనా" పెళ్లి జరపవచ్చు అంటుంది. ఏ ఇద్దరు వ్యక్తులైనా! స్త్రీ అనీ పురుషుడనీ అనలేదు. నాలుగు అడుగులు వేశాక మాత్రం, పురుషుడికి ఇరవై ఒక్క ఏళ్లు, స్త్రీకి పద్దెనిమిది నిండాలి అంటుంది. చివర అచ్చువేసిన నమూనా ప్రకటనలేమో పెళ్లికొడుక్కొకటి, పెళ్లికూతురికొకటి. వీధిగుమ్మం బార్లా తీసి, వంటింటి గడప దగ్గర అడ్డుకర్ర పెట్టినట్టు. రాసినవాళ్లు కావాలని అలా రాశారా, అలవాటు చొప్పున రాశారా అన్నదే తర్వాత పదిరోజుల యుద్ధం.

మా చిన్నాయన ఒకాయన ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా ఉండేవారు. సాయంకాలం అరుగుమీద కూర్చుని, "అన్యాయమైన కేసుతో ఓడిపోయినోళ్లకంటే, అర్జీ సరిగా రాయక ఓడిపోయినోళ్లే ఎక్కువప్పా" అనేవారు. దక్షిణాఫ్రికా సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేదుగాని, అక్కడ అచ్చంగా అదే జరిగింది. ఇద్దరు స్త్రీలు ప్రిటోరియా హైకోర్టుకు వెళ్లి, పెళ్లికి పూర్వకాలం నుంచీ వస్తున్న నిర్వచనాన్ని మార్చమని అడిగారు. పెళ్లిలో పలకవలసిన ప్రమాణం ఒకటి అక్కడి వివాహ చట్టంలో అచ్చై ఉంది. అందులో "భార్యగా, లేక భర్తగా" అన్న మాటలున్నాయి. ఆ సెక్షనును సవాలు చెయ్యటం వాళ్ల అర్జీలో లేదు. నిర్వచనం మార్చినా ప్రమాణం మారదు కదా అని జడ్జిగారు కొట్టేశారు. తర్వాత పై కోర్టులు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి, కొత్త అర్జీ కలుపుకుని, 2005 డిసెంబరు 1న రాజ్యాంగ న్యాయస్థానంలో నెగ్గారు. పార్లమెంటుకు కోర్టు ఒక్క ఏడాది గడువు పెట్టింది. 2006 నవంబరు 30న, గడువు ముగియబోతూండగా, చట్టం అమల్లోకి వచ్చింది. ఒక్క సెక్షను మరిచినందుకు ఏళ్ల తరబడి తిరుగుడు!

అమెరికా వాళ్లది ఇంకా వింత. మిన్నెసోటాలో జాక్ బేకర్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి, మైకేల్ మెక్‌కానెల్ అనే లైబ్రేరియను 1970లోనే పెళ్లి లైసెన్సుకు దరఖాస్తు పెట్టారు. గుమాస్తా ఇవ్వనన్నాడు. రాష్ట్రపు పెద్దకోర్టులో ఓడారు. అక్కడితో ఆగితే ఆ తీర్పు ఒక్క రాష్ట్రానికే ఉండేది. వాళ్లు దేశపు సుప్రీంకోర్టుకు అప్పీలు చేశారు. 1972 అక్టోబరులో ఆ కోర్టు, ఇందులో విచారించదగిన ప్రశ్నే లేదు అని ఒక్క వాక్యంతో తోసేసింది. వాదన వినలేదు, కారణం రాయలేదు. కాని ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని దేశమంతటా కింది కోర్టులు నలభై ఏళ్లపాటు ఇలాంటి కేసుల్ని తిప్పి పంపాయి. 2015లో గాని అది రద్దు కాలేదు. ఇంతకీ ఆ జంట ఊరుకుందా? కేసు నడుస్తూండగానే బేకర్ ఆడామగా తెలియని పేరొకటి పెట్టుకుని, ఇంకో కౌంటీకి వెళ్లి, అక్కడి గుమాస్తా గమనించకుండా లైసెన్సు తెచ్చుకున్నాడు! 1971 సెప్టెంబరులో పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లి చెల్లుతుందని 2018లో కోర్టు ఒప్పుకునేసరికి ఇద్దరూ డెబ్భైల్లో పడ్డారు.

మనవాళ్ల సంగతికి వద్దాం. కొన్ని హైకోర్టుల్లో ఇలాంటి అర్జీలు అప్పటికే నడుస్తున్నాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు వాటినన్నిటినీ తన దగ్గరికి తెప్పించుకుంది. మార్చిలో ఐదుగురి రాజ్యాంగ ధర్మాసనానికి అప్పగించింది. అప్పుడు చాలామంది సంబరపడ్డారు. నాకు మాత్రం ఇప్పటికీ అక్కడే కాలు జారిందనిపిస్తుంది. హైకోర్టులో ఓడితే పైన ఇంకో మెట్టుంది. ఒక హైకోర్టు కాదన్నా ఇంకోటి అవుననవచ్చు. సాక్ష్యాలు పోగవుతాయి, జనం చర్చించుకుంటారు. తిన్నగా చివరి మెట్టుమీదికే ఎక్కి అక్కడ జారితే పడేది నేలమీదే.

స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377 సెక్షను సంగతి చూసినవాళ్లకు ఇది తెలియాలి. 1860 నాటి ఆ సెక్షనుమీద 2001లో ఢిల్లీ హైకోర్టులో మొదలైన పోరు 2009లో గెలిచింది, 2013లో సుప్రీంకోర్టులో ఓడింది, 2018 సెప్టెంబరు 6న మళ్లీ గెలిచింది. ఆ మధ్యలోని 2013 తీర్పును చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. నూటయాభై ఏళ్లలో ఈ సెక్షను కింద రెండు వందలమందికంటే తక్కువమందినే శిక్షకు లాగారు, వీళ్లు జనాభాలో అతి స్వల్పభాగం, కాబట్టి రాజ్యాంగానికి వచ్చిన ముప్పేమీ లేదు అన్నారు. హక్కులకు తూకం వేసి పంచే రేషను షాపు లెక్క! ఆ విచారణలోనే 2012 ఫిబ్రవరిలో ఒక తమాషా కూడా జరిగింది. ప్రభుత్వం తరపున ఒక లాయరుగారు లేచి, ఇది మహా అనైతికం అని ఆవేశంగా వాదించారు. ఆ సాయంత్రంలోగానే హోంశాఖ, మేమలా చెప్పమనలేదే అని ప్రకటించింది. ఇంకో లాయరుగారొచ్చి, హైకోర్టు తీర్పులో తప్పేమీ కనబడలేదని ప్రభుత్వం మాటగా చెప్పుకోవలసి వచ్చింది. ఇంట్లో మొగుడొకటి, పెళ్లామొకటి చెప్పినప్పుడు అప్పులవాడు తెల్లమొహం వేసినట్టుగా ఉంది న్యాయమూర్తుల పని.

2023 ఏప్రిల్ 18న పెళ్లి కేసు విచారణకు వచ్చింది. మొదటిరోజే ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఒక గీత గీశారు. హిందూ వివాహ చట్టం జోలికీ, తక్కిన మతాల చట్టాల జోలికీ పోవద్దు, ప్రత్యేక వివాహ చట్టం వరకే మాట్లాడుకుందాం అన్నారు. ముకుల్ రోహత్గీ, అభిషేక్ సింఘ్వీ వంటి దిగ్గజాలు సరేనన్నారు. "పురుషుడు", "స్త్రీ" అని ఉన్నచోట "వ్యక్తి" అనీ, "భార్య", "భర్త" అని ఉన్నచోట "జీవిత భాగస్వామి" అనీ చదువుకుంటే సరిపోతుందన్నారు. వినటానికి ఎంత సుళువు!

చీరకు ఒక్క పోగు లాగితే ఎక్కడిదాకా వస్తుందో మనకు తెలుసు. ఈ చట్టంలో 21-ఎ అని ఒక సెక్షనుంది. 1976లో చేర్చారు. అంతకుముందు ఈ చట్టం కింద పెళ్లాడిన వారెవరికైనా భారతీయ వారసత్వ చట్టమే వర్తించేది. 1976 తర్వాత, ఇద్దరూ హిందువులైతే వాళ్ల ఆస్తి మళ్లీ హిందూ వారసత్వ చట్టం ప్రకారమే నడుస్తుంది. అంటే రిజిస్ట్రారు ఆఫీసు ముందుగుమ్మంలోంచి వెళ్లి పెళ్లాడినా, ఆస్తి దగ్గరికి వచ్చేసరికి పెరటిగుమ్మంలోంచి మతం చట్టం లోపలికొచ్చి కూర్చుంటుంది. మత చట్టాల జోలికి పోము అనుకోవటానికి వీలెక్కడిది? ఈ ముడిని ప్రభుత్వం తరపున సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా రోజుల తరబడి లాగి చూపించారు.

ఆ హిందూ వారసత్వ చట్టంలో ఏముందో మన ఆడవాళ్లెంతమందికి తెలుసో నాకు అనుమానమే. వీలునామా రాయకుండా మగవాడు చనిపోతే వారసుల వరస ఒకటి, ఆడది చనిపోతే ఇంకొకటి. ఆడదాని స్వార్జితం మొదట పిల్లలకూ భర్తకూ వెళుతుంది. వాళ్లు లేకపోతే? కన్నతల్లికి కాదండీ, భర్త తాలూకు వారసులకు! ఆ తర్వాతే తల్లిదండ్రులు. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివారు వెళ్లగొడితే పుట్టింట చేరి, చదువుకుని, ఉద్యోగం చేసి సంపాదించుకున్న ఒక ఆవిడ ఆస్తి ఇలాగే మొగుడి వైపు వాళ్లకు చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆమెను గెంటేసినవాళ్ల వైపుకే! ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్లు పెళ్లాడారనుకుందాం. అందులో ఒకరు పోతే "భర్త తాలూకు వారసులు" ఎవరు? ఈ ప్రశ్నకు రోహత్గీగారి "భాగస్వామి" అన్న మాటతో జవాబు రాదు.

పెళ్లి వయసు కూడా అంతే. ఇద్దరూ మగవాళ్లయితే ఇరవై ఒకటా? ఇద్దరూ ఆడవాళ్లయితే పద్దెనిమిదా? విడాకుల సెక్షనులో భార్యకు మాత్రమే ఇచ్చిన అదనపు కారణాలు కొన్ని ఉన్నాయి. మనోవర్తి భార్యకని రాసి ఉంది. ఇద్దరూ భర్తలే అయినప్పుడు అది ఎవరికి? పిటిషన్లు వేసినవాళ్లు చాలామంది, లాయర్లు అంతకంటే ఎక్కువమంది. ఒక్కో పదానికి ఒక్కో సర్దుబాటు చెప్పుకుంటూ వచ్చారు. ఇంత పెద్ద వ్యవహారానికి వెళ్లేముందు అందరూ ఒక గదిలో కూర్చుని, చట్టాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగరాసి, "ఇదిగో, ఇలా చదువుకోండి" అని ఒక్క కాగితం ఇచ్చి ఉంటే ఎంత బావుండేది అనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "భార్య" అన్న మాట తీసేసి "భాగస్వామి" అని రాసుకుంటే పోయేదేమీ లేదనుకోవటం మగలాయర్ల పొరపాటు. ఆ మాట చుట్టూ ఉన్న మనోవర్తి, రక్షణ, విడాకుల వెసులుబాటు ఎన్నో తరాల ఆడవాళ్లు ఏడ్చి, పోరాడి తెచ్చుకున్నవి. న్యాయమూర్తి రవీంద్రభట్ తన తీర్పులో ఇదే అన్నారు. పదాల్ని లింగభేదం లేకుండా మార్చుకుంటూ పోతే స్త్రీలకున్న రక్షణ తెలియకుండానే బలహీనపడవచ్చునని హెచ్చరించారు. ఆయన తీర్పుతో నాకు పేచీలున్నాయి గాని ఈ ఒక్క పేరా దగ్గర లేదు.

వాదులవే తప్పులనుకుంటే పొరపాటు. ప్రభుత్వం వేసిన కాగితాల్లో ఇది "నగరాల్లోని పై వర్గాలవారి" కోరిక మాత్రమేనని ఉంది. ఆధారం చూపలేదు. ఆ మాటకు లెక్కలేవని ప్రధాన న్యాయమూర్తి అడిగితే జవాబు లేదు. 1987లో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు గాంధర్వ వివాహం చేసుకున్నామని చెప్పి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త అప్పట్లో పత్రికలన్నిటిలో పడింది. వాళ్లే పై వర్గాలవాళ్లు? పల్లెటూళ్లో పొలం పని చేసుకునే స్త్రీ కూడా ఇలాంటి మనిషి కావచ్చునని చంద్రచూడ్ తీర్పులో రాసిన వాక్యం చదువుతూంటే నాకు మా వేరుశనగ చేలల్లో వరసగా వంగి కలుపు తీసే ఆడవాళ్లు కళ్లముందు మెదిలారు. వాళ్లను ఎవరడిగారు కనక!

అడిగింది ఎవరినో తెలుసా? విచారణ మధ్యలో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం కోరుతూ లేఖలు రాసింది. విచారణ ముగిసేలోగా ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. కుదరదని చెప్పినవి మూడు: రాజస్థాన్, అస్సాం, మన ఆంధ్రప్రదేశ్. మతపెద్దలను సంప్రదించి ఈ నిర్ణయానికి వచ్చామని మన రాష్ట్రం తెలిపింది. మతపెద్దలను అడగనక్కర లేకుండా పెళ్లి చేసుకోవటానికి తెచ్చిన చట్టం గురించి మతపెద్దలను అడగటం! 1872లో కేశవచంద్రసేన్ వింటే ఏమనేవారో. ఆ పిల్లల్ని కన్న తల్లుల్ని ఒక్కరినైనా పిలిచి అడిగారా అన్నది నా సందేహం.

మన సంప్రదాయంలో ఇలాంటివి లేనేలేవన్న వాదన కూడా కోర్టులో గట్టిగానే వినిపించింది. సంప్రదాయం అంటే ఏ ఊరి సంప్రదాయమో ముందు తేల్చాలి. మా అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. ఈ మెట్ట నేలల్లో బసివి ఆచారం ఉండేది. కొడుకులు లేని ఇంట్లో కూతుర్ని దేవుడికి వదిలేవారు. ఆమె పెళ్లి చేసుకోదు, పుట్టింట్లోనే ఉంటుంది, కొడుకులా ఆస్తి పొందుతుంది, తండ్రికి తలకొరివి పెడుతుంది. ఆమె పిల్లలు ఆ ఇంటిపేరే పెట్టుకుంటారు. ఫాసెట్ అనే తెల్లదొర, మద్రాసు పోలీసుశాఖ అధికారి, 1890ల మొదట్లో దీనిమీద ఒక వ్యాసం రాస్తూ, దేవుడికి అంకితమై మగవాడి హక్కులు పొందే స్త్రీలు అని పేరు పెట్టాడు. మా జేజి కాలంలో కూడా ఈ మాట వినబడేది. అది గొప్ప ఆచారమని నేననటం లేదు. ఆ పేరుమీద ఆడపిల్లల బతుకులు ఎలా బుగ్గి అయ్యాయో అందరికీ తెలుసు, 1988లో రాష్ట్రం చట్టం చేసి నిషేధించింది కూడా. కాని ఇల్లు నిలబడటానికి అవసరమైతే ఆడదాన్ని మగవాడిగా లెక్కవేసుకున్న సమాజం మనది. అవసరం తీరాక, ఆడది ఆడదే, మగవాడు మగవాడే, అనాదిగా ఇంతే అంటే ఎలా నమ్మటం?

2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్లి అనేది రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కు కాదు, ప్రత్యేక వివాహ చట్టాన్ని మేము తిరగరాయలేము, అది పార్లమెంటు పని, అని ఐదుగురూ ఒక్క మాటే అన్నారు. అక్కడినుంచి దారులు చీలాయి. పెళ్లి కాకపోయినా వాళ్ల సహజీవనానికి గుర్తింపు ఇవ్వాలి, ఇద్దరూ కలిసి బిడ్డను దత్తు తీసుకోనివ్వాలి అన్నది చంద్రచూడ్, సంజయ్ కిషన్ కౌల్‌ల మాట. కాదన్నది రవీంద్రభట్, హిమా కోహ్లీ, మన తెలుగువారైన పి. శ్రీ నరసింహ. ముగ్గురిదే తీర్పయింది. ప్రధాన న్యాయమూర్తి ఇలా అల్పసంఖ్యలో మిగిలిపోవటం తరచూ జరిగేది కాదు.

తీర్పులో నాకు మింగుడు పడనిది వేరే ఉంది. పెళ్లి లేకపోవటం వల్ల వీళ్లకు పింఛను, బీమా, గ్రాట్యుటీ వంటి వాటిలో అన్యాయం జరుగుతోందని ఆ ముగ్గురి తీర్పే ఒప్పుకుంది. ఒప్పుకుని, కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన ప్రభుత్వం వేస్తానన్న కమిటీకి వదిలేసింది. దక్షిణాఫ్రికా కోర్టు పన్నెండు నెలల గడువు పెట్టింది. తైవాన్ కోర్టు 2017లో రెండేళ్లు పెట్టింది, సరిగ్గా రెండేళ్లకు అక్కడ పెళ్లిళ్లు మొదలయ్యాయి. మన కమిటీకి గడువు లేదు. అది ఏర్పడింది 2024 ఏప్రిల్‌లో. ఆ ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉమ్మడి బ్యాంకు ఖాతాకు ఆటంకం లేదనీ, రేషను కార్డులో ఒకే కుటుంబంగా రాసుకోవచ్చుననీ ఉత్తర్వులు వచ్చాయి. ఇవి చిన్నవే గాని, ఉత్త చేతులకంటే నయం కదా.

రివ్యూ పిటిషన్ల గతి చూడండి. తీర్పిచ్చిన మూడో రోజుకే రవీంద్రభట్ రిటైరయ్యారు. తర్వాత కౌల్, ఆ తర్వాత హిమా కోహ్లీ, చంద్రచూడ్. తప్పు దిద్దమని అడిగిన అర్జీలు 2025 జనవరి 9న చర్చకు వచ్చేసరికి, అసలు కేసు విన్న ఐదుగురిలో నరసింహ ఒక్కరే మిగిలారు. బహిరంగ విచారణ లేకుండా, గదిలోనే చూసి, తప్పేమీ లేదని కొట్టేశారు. చివరి మెట్టు అన్నానే, అదిదే.

వీళ్లు అడిగిన వాటిలో ఇంకొకటి ఉంది, అది మనందరి పిల్లలకూ సంబంధించింది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడదలచినవాళ్లు ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు పేర్లతో, చిరునామాలతో ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. కులాంతరం చేసుకుంటున్న ఆడపిల్ల చిరునామా ముప్ఫై రోజులు గోడమీద వేలాడితే ఏమవుతుందో రాయలసీమలో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర లేదు. అలహాబాదు హైకోర్టు 2021 జనవరిలో ఆ నోటీసు అంటించాలో వద్దో జంట ఇష్టమంది. సుప్రీంకోర్టులో దీన్ని కూడా కొట్టెయ్యమని అడిగారు. పెద్ద ప్రశ్న హోరులో ఈ చిన్న ప్రశ్న కొట్టుకుపోయింది. నోటీసు నిబంధన చట్టంలో అలాగే ఉంది. విడిగా ఒక్క కేసుగా, కులాంతర వివాహాల పేరున వేసి ఉంటే? నాకైతే గెలిచేదేమో అనిపిస్తుంది.

అయితే ఓడిపోయిన కేసులో కూడా గింజలు మిగులుతాయి. పుట్టుకతో మగపిల్లాడని రాసినా స్త్రీగా బతుకుతున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తి, పురుషుణ్ణి పెళ్లాడితే అది ఇప్పుడున్న చట్టాల ప్రకారమే చెల్లుతుందని ఐదుగురూ ఒప్పుకున్నారు. 2019లోనే మద్రాసు హైకోర్టు మదురై బెంచిలో జస్టిస్ స్వామినాథన్, హిందూ వివాహ చట్టంలోని "వధువు" అన్న మాటలో వీళ్లూ ఉంటారని తీర్పిచ్చారు. హైదరాబాదులో ఫసలీ 1329 నాటి, అంటే మన లెక్కన 1919 నాటి, నైజాం చట్టమొకటి హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించమనేది, ఆడవేషంలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోమనేది. దాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రద్దు చేసింది. శిస్తు పుస్తకాల్లో తప్ప మనం మరిచిపోయిన ఫసలీ, ఆ మనుషుల మెడమీద నూరేళ్లు కూర్చుంది!

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ఇంకో గొడవ వచ్చింది. ప్రేమించిన అమ్మాయితో ఉంటున్న మేజరు యువతిని తండ్రి తీసుకెళ్లి ఇంట్లో కట్టడి చేశాడని స్నేహితురాలు అర్జీ పెట్టింది. జస్టిస్ రఘునందనరావు, జస్టిస్ మహేశ్వరరావు ఆ అమ్మాయినే అడిగి తెలుసుకుని, ఆమె ఇష్టమొచ్చినవారితో ఉండవచ్చు, ఇంటివాళ్లు అడ్డురాకూడదు అన్నారు. అక్కడ ఎవరూ "పెళ్లి" అన్న మాట ఎత్తలేదు. ఎత్తనందుకే పని జరిగింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదని రాసింది.

ఇక 2025 జూన్‌లో మన హైకోర్టులోనే జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ముందుకు, భర్తా అత్తమామలూ హింసిస్తున్నారని 498-ఎ కింద కేసు పెట్టిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ వ్యవహారం వచ్చింది. పిల్లల్ని కనలేని మనిషి స్త్రీ ఎలా అవుతుంది, భార్య అని ఎలా ఫిర్యాదు చేస్తుంది అని అవతలి లాయరు వాదన. కడుపు పండకపోతే ఆడది కాదన్న మాట మన వంటిళ్లలో ఎన్నిసార్లు విన్నామో! సుప్రీంకోర్టు 2023 తీర్పులోని ఆ పేరానే ఎత్తి చూపుతూ న్యాయమూర్తి ఆ వాదనను తోసిపుచ్చారు. ఆమె స్త్రీయే, ఆ సెక్షను కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకుంది అన్నారు. అంటూనే, ఫిర్యాదులో హింసను గురించిన ఆధారాలు చాలవని, ఆ భర్తమీదా అతని వాళ్లమీదా పెట్టిన కేసును అదే తీర్పులో కొట్టేశారు.